మేమా? మనమా? – అమెరికా రాజ్యాంగ జననం

అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం ‘వుయ్ ది పీపుల్’ అనే మూడు చిన్న మాటలతో ఆరంభమవుతుంది. ఆ మాటలను తెలుగులోనికి తేవలసి వచ్చినప్పుడల్లా మాకు ఒక చిక్కు ఎదురవుతూ ఉంటుంది. ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో మాత్రం రెండు మాటలున్నాయి. ‘మేము’ అన్నప్పుడు వినేవాడు వెలుపల నిలుస్తాడు. ‘మనము’ అన్నప్పుడు లోపలికి వస్తాడు. 1787లో ఆ వాక్యాన్ని వ్రాసినవారి మనసులో ఉన్నది ‘మేము’ అనా, ‘మనము’ అనా? వ్యాకరణ సంబంధమైనదిగా కనబడే ఈ ప్రశ్న నిజానికి ఆ దేశ చరిత్రకంతటికీ కీలకమైనది. అక్కడి జాతీయ ప్రభుత్వం ఎట్లా ఏర్పడిందో, అందులో ఎవరికి చోటు దొరికిందో, ఎవరు గడప వెలుపలనే నిలిచిపోయారో ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిద్దాం.

బలహీనమైన తొలి ఒడంబడిక

1776 జూలై 4వ తేదీన పదమూడు వలస రాజ్యాలు బ్రిటిషు రాజరికం నుండి స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నాయి. యుద్ధం సాగుతూ ఉండగానే అవి ‘ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్’ అనే ఒడంబడికను వ్రాసుకొన్నాయి. అది 1781 మార్చి 1న అమలులోనికి వచ్చింది. దూరాన ఉన్న రాజు పెత్తనాన్ని చవిచూసినవారు కనుక, మరొక పెత్తనాన్ని తమ నడుమ ప్రతిష్ఠించుకొనడానికి వారు ఇష్టపడలేదు. ఫలితంగా కేంద్రానికి కాంగ్రెస్ అనే ఒక్క సభ మాత్రమే మిగిలింది. శాసనాలను అమలు జరిపే అధ్యక్షుడు లేడు. జాతీయ న్యాయస్థానాల వ్యవస్థ లేదు. పెద్దదైనా చిన్నదైనా ప్రతి రాష్ట్రానికి ఒక్కటే ఓటు. ముఖ్య విషయాలకు తొమ్మిది రాష్ట్రాల సమ్మతి కావాలి. ఒడంబడికను సవరించాలంటే పదమూడూ అంగీకరించాలి. అన్నింటికంటె పెద్ద లోపం పన్ను వేసే అధికారం లేకపోవడం. కాంగ్రెస్ రాష్ట్రాలను ధనం అడగవచ్చును. ఇవ్వకపోతే చేయగలిగింది ఏమీ లేదు. అప్పు తీర్చలేని ప్రభుత్వం, సైనికునికి జీతం ఇవ్వలేని ప్రభుత్వం ఎంతకాలం నిలుస్తుంది?

1786లో మసాచుసెట్స్ రైతులు ఈ ప్రశ్నను తీవ్రం చేశారు. వారిలో పలువురు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవారే. పన్నుల భారం, అప్పుల భారం మోయలేక, భూములను జప్తు చేయించే కోర్టులను వారు మూయించారు. వారి నాయకులలో ఒకడైన డేనియల్ షేస్ పేరు ఆ తిరుగుబాటుకు నిలిచిపోయింది. 1787 జనవరిలో వారు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంపైకి నడిచారు. కాంగ్రెస్ ఏమీ చేయలేకపోయింది. బోస్టన్ వర్తకులు ప్రోగుచేసి ఇచ్చిన ధనం ఆసరాగా రాష్ట్ర దళాలే దానిని అణచవలసి వచ్చింది.

ఫిలడెల్ఫియా సభ

ఈ నేపథ్యంలో 1787 మే 25న ఫిలడెల్ఫియా నగరంలో రాజ్యాంగ సభ ప్రారంభమైంది. పన్నెండు రాష్ట్రాల నుండి 55 మంది ప్రతినిధులు పాల్గొన్నారు. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షత వహించాడు. 81 ఏళ్ళ వృద్ధుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, 36 ఏళ్ళ జేమ్స్ మాడిసన్ అదే సభలో కూర్చున్నారు. చర్చలు రహస్యంగా సాగాయి. లోపల జరిగినది నేడు మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం, మాడిసన్ ఓపికగా వ్రాసి ఉంచిన దినచర్యలే. అవి ఆయన మరణానంతరం 1840లో అచ్చయ్యాయి. పాత ఒడంబడికను సవరించడానికి వచ్చినవారు దానిని పక్కన పెట్టి సరికొత్త రాజ్యాంగాన్ని వ్రాయడం విశేషం.

ప్రధాన వివాదం ప్రాతినిధ్యం గురించినది. జనాభాను బట్టి స్థానాలుండాలని వర్జీనియా వంటి పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానంగా ఉండాలని న్యూజెర్సీ వంటి చిన్న రాష్ట్రాలు పట్టుపట్టాయి. జూలై 16న ఒక్క ఓటు ఆధిక్యంతో రాజీ కుదిరింది. ప్రతినిధుల సభలో జనాభాను బట్టి స్థానాలు. సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు. నేడు ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది ఉండడానికి మూలం ఈ రాజీయే.

ప్రభుత్వాధికారాన్ని వారు మూడు శాఖలుగా విభజించారు. చట్టం చేసేది కాంగ్రెస్. అమలు చేసేది అధ్యక్షుడు. న్యాయనిర్ణయం చేసేది సుప్రీంకోర్టు, దాని క్రింది న్యాయస్థానాలు. అయితే ఏ శాఖనూ దాని ఇష్టానికి వదలలేదు. కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అధ్యక్షుడు వీటోతో ఆపవచ్చును. ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఆ వీటోను త్రోసివేయవచ్చును. న్యాయమూర్తులను అధ్యక్షుడు నియమించాలంటే సెనేట్ ఆమోదం ఉండాలి. తప్పు చేసిన అధ్యక్షునిపై ప్రతినిధుల సభ అభియోగం మోపవచ్చును, విచారణ సెనేట్‌ది. రాజ్యాంగ విరుద్ధమైన చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1803లో తీర్పు చెప్పింది. దీనినే రాజనీతి శాస్త్రంలో నిరోధ సమతౌల్య సిద్ధాంతం అంటారు. మనుషులందరూ మంచివారే అయితే ఇంత ఏర్పాటు అవసరం లేదు. పాలకుని మంచితనం మీద కాక, నియమం మీద ఆధారపడాలన్నదే దీని సారాంశం.

చెప్పని మాట

ఇంతటి వివేకం చూపిన సభ మరొక విషయంలో తల దించుకోవలసిన పని చేసింది. 1790 జనగణన ప్రకారం ఆ దేశ జనాభా సుమారు 39 లక్షలు. అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. ఓటు లేని ఆ బానిసలను జనాభా లెక్కలో మాత్రం చేర్చి, తమకు ఎక్కువ స్థానాలు ఇవ్వాలని దక్షిణ రాష్ట్రాలు కోరాయి. చివరకు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులు లెక్కించడానికి ఒప్పుకొన్నారు. విదేశాల నుండి బానిసలను తెచ్చే వర్తకాన్ని 1808 వరకు కాంగ్రెస్ నిషేధించరాదన్నారు. పారిపోయిన బానిసను యజమానికి తిరిగి అప్పగించాలన్నారు. ఇన్ని నియమాలు వ్రాసినవారు ‘బానిస’ అనే మాటను మాత్రం ఆ పత్రంలో ఎక్కడా వాడలేదు. వ్రాయడానికి సిగ్గుపడిన దానిని అమలు చేయడానికి సిగ్గుపడలేదు.

రాజ్యాంగ పీఠిక తొలి ముసాయిదాలో రాష్ట్రాల పేర్లన్నీ వరుసగా ఉండేవి. ఏ రాష్ట్రాలు ఆమోదిస్తాయో ఎవరికీ తెలియదు కనుక, తుది ప్రతిలో ఆ పేర్లు తొలగి, ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలు’ అన్న మాట నిలిచింది. రాష్ట్రాలు అనవలసిన చోట ప్రజలు అనడానికి వీరికి అధికారం ఎక్కడిదని వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ నిలదీశాడు. ఆ ‘ప్రజలు’ ఎవరన్న ప్రశ్నకు సమాధానం రావడానికి మాత్రం తరాలు పట్టింది.

ఆమోద సమరం

సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేశారు. జార్జ్ మేసన్, ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, ఎడ్మండ్ రాండాల్ఫ్ సభలోనే ఉండి కూడా సంతకం చేయలేదు. పౌరుల హక్కుల పట్టిక లేదన్నది మేసన్ ముఖ్య అభ్యంతరం. తొమ్మిది రాష్ట్రాలు ఆమోదిస్తే రాజ్యాంగం అమలులోనికి వస్తుంది. హామిల్టన్, మాడిసన్, జాన్ జే అనే ముగ్గురు 85 వ్యాసాలు వ్రాసి దానిని సమర్థించారు. 1788 జూన్ 21న న్యూహాంప్‌షైర్ తొమ్మిదవదిగా ఆమోదించింది. మసాచుసెట్స్‌లో 187–168, న్యూయార్క్‌లో 30–27 ఓట్లతో మాత్రమే నెగ్గింది. హక్కుల పట్టికను సవరణల ద్వారా చేర్చుకొందామన్న ఆశ లేకుంటే ఇదైనా సాధ్యమయ్యేది కాదు.

నార్త్ కరోలినాలో జరిగిన ఒక చర్చ మా మనసును ప్రత్యేకంగా ఆకర్షించింది. ప్రభుత్వ పదవికి ఏ మత పరీక్షా ఉండరాదని రాజ్యాంగం 6వ అధికరణం నిర్దేశిస్తున్నది. అట్లయితే రేపు ఒక ముస్లిము అధ్యక్షుడు కావచ్చునే అని 1788 జూలైలో ఆ రాష్ట్ర సభలో కొందరు భయం వెలిబుచ్చారు. జేమ్స్ ఐర్‌డెల్ అనే న్యాయవాది లేచి, ప్రజలు తమ మతానికి భిన్నమైనవానిని సాధారణంగా ఎన్నుకొనరని సర్దిచెబుతూనే, ఏ ఒక్క వర్గాన్ని మినహాయించినా మతస్వేచ్ఛ అనే సూత్రమే కూలిపోతుందని వాదించాడు. ఆయన తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

ఊహలోని ముస్లిమును గురించి ఇంత చర్చ జరిగిన రాష్ట్రంలోనే నిజమైన ముస్లిము ఒకడు తరువాత కనబడతాడు. పశ్చిమ ఆఫ్రికాలో అరబ్బీ విద్య నభ్యసించిన ఉమర్ బిన్ సయ్యద్‌ను 1807లో బానిసగా చార్లెస్టన్ రేవుకు తెచ్చారు. పారిపోయి ఫేయట్‌విల్‌లో పట్టుబడిన ఆయన, చెరసాల గోడలపై బొగ్గుతో అరబ్బీ అక్షరాలు వ్రాశాడు. 1789లో నార్త్ కరోలినా రాజ్యాంగాన్ని ఆమోదించినది ఆ ఊరిలోనే! 1831లో అరబ్బీలో స్వీయచరిత్ర వ్రాసి, ఆయన బానిసగానే కన్నుమూశాడు. ఆ వ్రాతప్రతి నేడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉంది.

‘మేము’ నుండి ‘మనము’ వైపు

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్ నగరంలో వాషింగ్టన్ తొలి అధ్యక్షునిగా ప్రమాణం చేశాడు. మాడిసన్ ప్రతిపాదనల ఫలితంగా 1791 డిసెంబరు 15న పది సవరణలు హక్కుల పట్టికగా రాజ్యాంగంలో చేరాయి. మతస్వేచ్ఛ, వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం, న్యాయమైన విచారణ అందులోనివే. ఇవి నిర్మాతలు అడగకుండానే ఇచ్చిన వరాలు కావు. సామాన్యులు, అసమ్మతివాదులు పట్టుపట్టి వ్రాయించుకొన్న హామీలు.

ఆ హామీలు అందరికీ చేరడానికి అంతర్యుద్ధం కూడా జరగవలసి వచ్చింది. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వది పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను, 1870లో 15వది జాతి భేదం లేని ఓటు హక్కును ప్రకటించాయి. స్త్రీలకు ఓటు హక్కు 1920లో 19వ సవరణతో, ఆ నేలకు తొలి హక్కుదారులైన ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో చట్టంతో వచ్చాయి. 15వ సవరణ కాగితం మీదనే మిగిలిన చోట్ల దానిని అమలు చేయడానికి 1965లో ఓటు హక్కుల చట్టం కావలసి వచ్చింది. ఇప్పటివరకు జరిగిన సవరణలు 27.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ చరిత్రను శ్రద్ధగా చదివారు. అందుచేతనే ప్రాథమిక హక్కులు మనకు తరువాతి సవరణలుగా కాక, 1949 నవంబరు 26న ఆమోదించిన మూల పాఠంలోనే మూడవ భాగంగా వచ్చాయి. మన కళాశాల వంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఆధారమైన 30వ అధికరణం ఆ భాగంలోనిదే. విద్యార్థులు ఈ సంగతి గ్రహించాలని మా కోరిక.

మన పీఠిక తెలుగు పాఠం కూడా ‘మేము’ అనే పలుకుతుంది. అది లోకానికి వినిపించేలా దేశం పలికిన మాట కనుక తప్పులేదు. కాని ఆ దేశంలోని వారు ఒకరితో ఒకరు మాట్లాడుకొనేటప్పుడు పలకవలసిన మాట ‘మనము’. అమెరికా ప్రజలు 1787 నుండి నేర్చుకొంటూ వస్తున్న వ్యాకరణ పాఠం ఇదే. మనమూ నేర్చుకోవలసినది ఇదే.