కుడి నుంచి తెరిచే పుస్తకం

కోల్‌కతా నుంచి సుందర్బన్ వెళ్లే ప్రతివాళ్లూ పులి కోసమే వెళ్తారు. ఈ వారం మా ముఖచిత్రం మీద పులి లేదు.

చెరువు పక్కన సఫారీ క్యాంపు, రాత్రికి ఆదివాసీ నృత్యం అని ప్యాకేజీ కాగితంలో ఉంది. దాని మీదే రాయమన్నారు ఎడిటర్ గారు, అదీ శుక్రవారంకల్లా. చెరువు మాట నిజమే. సుధన్యఖాలీ వాచ్‌టవర్ ముందు జంతువుల కోసం తవ్విన మంచినీటి గుంట ఉంది. చుట్టూ ఉప్పునీరే గనక జింకలూ పులులూ అక్కడికి వస్తుంటాయి. నృత్యం మీదే నాకు గురి లేదు. ఆదివాసీల ఝుమూర్ పాట సగంలో ఉండగానే భోజనాలకు పిలిచే చోట ఎవరి సంస్కృతి ఎవరికి తెలుస్తుంది?

తర్వాత బనబీబీ పాలా మొదలైంది. మన వీధి భాగోతం లాంటి ఆట. ముగిశాక ఆట కట్టిన పెద్దాయన సంచిలోంచి నలిగిన పుస్తకం తీసి చేతికిచ్చాడు. పేరు బనబీబీ జహురానామా. అలవాటుగా తెరవబోయాను.

“అటు కాదు దాదా, ఇటు నుంచి” అన్నాడు.

అక్షరాలు బెంగాలీవే, ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. పుటలు మాత్రం ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి తెరుచుకుంటాయి. ఆ కథలో బనబీబీ మక్కా ఫకీరు కూతురు. అడవిలో తేనెకు వెళ్లే హిందువులూ ముస్లింలూ ఆమెకే మొక్కుతారు.

కథలో ధోనా తేనె వ్యాపారి. పులి రూపంలో తిరిగే దక్షిణ్ రాయ్ అతన్ని నరబలి అడుగుతాడు. బదులుగా పడవల నిండా తేనె, మైనం ఇస్తానంటాడు. ధోనా తన వెంట తెచ్చుకున్న పేదింటి కుర్రాడు దుఖేని ఒడ్డున వదిలేసి పోతాడు. తల్లి చెప్పిన మాట గుర్తొచ్చి దుఖే బనబీబీని పిలుస్తాడు. ఆమె కాపాడి, మొసలి వీపు మీద ఇంటికి పంపిస్తుంది.

క్యాంపులో ఆడింది కుదించిన ఆట. పులి దూకుడుకు చోటు దొరికింది గానీ ధోనా బేరానికి దొరకలేదు. నన్నడిగితే అసలు కథ ఆ బేరంలోనే ఉంది. కుర్రాణ్ణి పులి నోటికి అప్పగించింది బాబాయి వరసైన మనిషి.

చరిత్ర క్లుప్తంగా: బ్రిటిష్‌వాళ్లు అడవి నరికించడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి ముండా, ఒరావ్, సంతాల్ కుటుంబాలను తెచ్చారు, ఝుమూర్ వాళ్లతోనే వచ్చింది. 1973లో పులుల అభయారణ్యం, 1984లో జాతీయ పార్కు, 1987లో యునెస్కో గుర్తింపు.

మిగిలిన ముచ్చట్లు

కోల్‌కతా సియాల్దా స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే క్యానింగ్. అక్కడి నుంచి రోడ్డు మీద గద్ఖాలీ, ఆపైన పడవే.

పులి వెనక నుంచి దూకుతుందని 1980లలో అటవీ శాఖ మనిషి ముఖం మాస్కులు పంచింది, తల వెనక కట్టుకోవడానికి. కొన్నాళ్లు పనిచేశాయి.

సుందర్బన్ లాంటి మడ అడవులు చూడాలంటే మనకు కాకినాడ పక్కనే కోరింగ ఉంది. అక్కడ పేరున్న జంతువు బావురుపిల్లి. దానికి మొక్కులక్కర్లేదు.