ఉబ్బసం - తెలుసుకోవలసిన నాలుగు మాటలు

మా నాయనమ్మకూ, చిన్నాన్నకూ ఉబ్బసం ఉంది. బి.యస్సీ.లో చేరాక ఆ జబ్బు గురించి చదివి తెలుసుకున్న నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఊళ్ళో దీన్ని "నెమ్ము చేసింది" అనేసి ఊరుకుంటారు. నిజానికిది శ్వాసనాళాల లోపలి వాపు. వాచిన నాళాలు చిన్న కారణానికే రేగుతాయి. వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల కఫం పేరుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి. గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి నిరోధం 16 రెట్లవుతుందని ఫిజిక్సులో చదువుకున్నాం గదా! ఒక్క ఊపిరికి రోగి పడే పాట్లకు కారణం అదే.

వంశంలో ఎలర్జీ తత్వం ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని రేపేవి అనేకం: పరుపుల్లో ఉండే, కంటికి కనపడని మైట్ పురుగులు, వయ్యారిభామ పుప్పొడి, నూర్పిళ్ళ దుమ్ము, పిడకల పొగ, బీడీ పొగ, జలుబు. అందరికీ ఒకటే కారణం కాదు. మా చిన్నాన్నకు బూజుపట్టిన గడ్డి లాగితే ఆయాసం, నాయనమ్మకు జలుబు చేస్తే ఆయాసం. కనుక ఎవరికేది పడదో వారే గమనించి రాసుకోవాలి.

మందులు ముఖ్యంగా రెండు రకాలు. సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాలను వదులు చేస్తుంది, అంతే. వాపును అణిచేది పీల్చే స్టెరాయిడ్ మందు. దాన్ని డాక్టరు చెప్పినట్టు, బాగున్న రోజుల్లో కూడా వాడాలి. పెద్దవాళ్ళకు సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం సాగించవద్దని అంతర్జాతీయ నిపుణుల సంఘం 'గినా' 2019లో చెప్పింది.

"ఇన్‌హేలరా? అమ్మో, అలవాటైపోతుంది!" అంటారు మనవాళ్ళు. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలరు ఒక్క పీల్పుకు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర 40 పీల్పులతో సమానం! పైగా మాత్ర ఒళ్ళంతా తిరిగి చేతుల వణుకు, గుండెదడ తెస్తుంది. పీల్చిన మందు నేరుగా నాళాలకే చేరుతుంది.

సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్లల చేత ఇన్‌హేలరు దాచిపెట్టించే ఇళ్ళున్నాయి. దాచిన మందు అర్ధరాత్రి ఆయాసానికి అందుతుందా? మాట పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

ఉబ్బసం కళ్ళజోడు పెట్టుకోవడం కన్నా సిగ్గుపడవలసిన విషయం కాదు. హాస్టల్లో పక్క మంచం మిత్రుడు ఇన్‌హేలరు తీస్తే వింతగా చూడకండి. అతడు దాన్ని ఎక్కడ పెడతాడో తెలుసుకొని ఉండండి.