తూకం నిలకడగానే.. కండ మాత్రం కరుగుతోంది!
డయాలసిస్ రోగులను కుంగదీస్తున్న కనిపించని బలహీనత
పిడికిలి పట్టు, కుర్చీ పరీక్షలతో ముందే గుర్తించే వీలు

మెదక్: వారానికి రెండు మూడు రోజులు, విడతకు సుమారు నాలుగు గంటలు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారి జీవితం డయాలసిస్ యంత్రం చుట్టూనే తిరుగుతుంది. పడక ఎక్కేముందు ఒకసారి, దిగిన తరువాత మరోసారి తూకం చూస్తారు. రక్తపోటు రాస్తారు. నిర్ణీత వ్యవధిలో రక్త పరీక్షలు చేస్తారు. అంకెలన్నీ సక్రమంగా ఉంటే పరిస్థితి బాగానే ఉందనుకుని రోగి ఇంటిముఖం పడతారు. అయితే బస్సు మెట్టెక్కేందుకు కమ్మీ పట్టుకుని రెండు సార్లు ప్రయత్నించాల్సి వస్తోందన్న సంగతి ఏ కాగితంలోనూ నమోదు కాదు. అసలైన ప్రమాద సూచిక అదేనని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి.

దూరం తగ్గింది.. నీరసం తగ్గలేదు
ఒకప్పుడు డయాలసిస్ అంటే పెద్ద నగరాల్లోని ఆసుపత్రులకే పరిమితం. మెదక్ నుంచి హైదరాబాద్‌కు రానుపోను దాదాపు 200 కిలోమీటర్లు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పేదలకు ఖర్చు భారం తగ్గించింది. జిల్లా ఆసుపత్రుల స్థాయిలో ఈ సేవలు అందించే లక్ష్యంతో 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని కేంద్రం ప్రకటించింది. డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను ఇవ్వాలని 2022లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ప్రాణం నిలబెట్టే ఏర్పాట్లు ఇలా దగ్గరయ్యాయి. ఆ ప్రాణంతో లేచి తిరిగే శక్తి ఎంత మిగిలిందన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

అమెరికాలో 2,275 మంది డయాలసిస్ రోగులపై జరిపిన అధ్యయనం 2007లో వెలువడింది. మూడింట రెండు వంతుల మంది దుర్బల స్థితిలో ఉన్నట్లు అందులో తేలింది. వృద్ధులే కాదు, వయసులో ఉన్నవారూ వీరిలో ఉన్నారు. మిగిలిన వారితో పోలిస్తే దుర్బలుల్లో మరణాలు, ఆసుపత్రిలో చేరికలు ఎక్కువగా ఉన్నట్లు గుర్తించారు.

తూకం ఎలా మోసం చేస్తుందంటే..
డయాలసిస్ ముగిశాక ఒంట్లో అదనపు నీరు లేని స్థితిలో ఉండే బరువును ‘డ్రై వెయిట్’ అంటారు. ఒక రోగికి దాన్ని 52 కిలోలుగా నిర్ణయించారనుకుందాం. ఆరు నెలల్లో ఆయన ఒంట్లో 2 కిలోల కండ కరిగిపోయింది. యంత్రం మాత్రం ప్రతిసారీ 52 కిలోల వద్దే ఆగుతుంది. అంటే పోయిన కండ స్థానంలో 2 కిలోల నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. కాగితంపై బరువు మారలేదు. కాళ్ల వాపు, తగ్గని రక్తపోటు, రాత్రి పడుకుంటే ఆయాసం మాత్రం మొదలవుతాయి.

క్రియాటినిన్ విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరుగుతుంది. అది కండరాల నుంచి పుట్టే వ్యర్థం. డయాలసిస్‌లో మార్పేమీ లేకుండా ఆ అంకె క్రమంగా తగ్గుతుంటే మూత్రపిండాలు కోలుకుంటున్నాయని కుటుంబ సభ్యులు సంబరపడతారు. కండ తగ్గిపోవడం కూడా అందుకు కారణం కావచ్చు. వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.

కండ ఎందుకు కరుగుతుంది?
కారణాలు అనేకం. రక్తంలో ఆమ్లగుణం పెరగడం, ఒంట్లో నిరంతరం ఉండే వాపు స్వభావం, ఆకలి మందగించడం, మధుమేహం ప్రధానమైనవి. వడపోతలో వ్యర్థాలతో పాటు కండకు అవసరమైన అమైనో ఆమ్లాలూ విడతకు సుమారు 6 నుంచి 12 గ్రాముల వరకు బయటకు పోతాయి. డయాలసిస్ రోజున నీరసంతో పడుకోవడం, మర్నాడు విశ్రాంతి పేరుతో మంచం దిగకపోవడం తోడవుతాయి. పొలం పనో, బీడీలు చుట్టే పనో మానేస్తే ‘రోగం కదా’ అని ఇంటివారూ సరిపెట్టుకుంటారు. వాడని కండ మరింత త్వరగా తగ్గుతుంది.

పరీక్షలు సులభమే
ఆసియా దేశాల నిపుణుల బృందం కండ బలహీనతను గుర్తించేందుకు 2019లో కొన్ని ప్రమాణాలు ప్రకటించింది. వీటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు.

పిడికిలి పట్టు: డైనమోమీటర్ అనే చిన్న పరికరాన్ని శక్తికొద్దీ నొక్కాలి. పురుషుల్లో 28 కిలోలు, స్త్రీలలో 18 కిలోల కంటే తక్కువ వస్తే బలం తగ్గినట్లే. ఫిస్టులా ఉన్న చేతిని వదిలి రెండో చేతితో చేయించడం మేలు. ప్రతిసారీ డయాలసిస్‌కు ముందే చూస్తే పోల్చుకోవడానికి వీలుంటుంది.

కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీపై కట్టుకుని, వాటి ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే కాళ్లలో సత్తువ తగ్గిందని అర్థం.

నడక: సుమారు 20 అడుగులు, అంటే 6 మీటర్ల దూరాన్ని మామూలు నడకతో దాటాలి. 6 సెకన్లకు మించితే నడక మందగించినట్లే.

పిక్క చుట్టుకొలత: పురుషుల్లో 34, స్త్రీలలో 33 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అనుమానించాలి. కాళ్ల వాపు కొలతను తప్పుదారి పట్టిస్తుంది కనుక డయాలసిస్ తరువాత కొలవడం మంచిది.

కుర్చీ, నడక పరీక్షలను ఇంట్లో చేస్తే పక్కన ఒకరు తప్పనిసరిగా ఉండాలి. కుర్చీని గోడకు ఆనించి ఉంచాలి. డయాలసిస్ ముగిసిన వెంటనే రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది కనుక ఆ రోజు చేయరాదు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవారు వైద్యుల సమక్షంలోనే చేయాలి.

ఐదు గుర్తులు
అమెరికా పరిశోధకులు 2001లో రూపొందించిన పద్ధతిలో ఐదు లక్షణాలు చూస్తారు. కోరకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోల బరువు తగ్గడం, ఎడతెగని అలసట, పట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, రోజువారీ కదలిక తగ్గడం. వీటిలో మూడు, అంతకు మించి ఉంటే దుర్బలత. ఒకటి రెండు ఉంటే దాని తొలి మెట్టు. ఆ దశలో మేల్కొంటే కోలుకునే అవకాశం ఎక్కువ. డయాలసిస్ రోగుల్లో నీరు బరువు తగ్గుదలను దాచేస్తుంది కనుక మిగిలిన నాలుగింటిపై మరింత శ్రద్ధ అవసరం.

తిండి మార్చుకోవాల్సిందే
డయాలసిస్ మొదలుకాక ముందు మాంసకృత్తులు తగ్గించమని వైద్యులు చెబుతారు. మొదలయ్యాక ఆ నియమం మారుతుంది. చాలామంది పాత పథ్యాన్నే కొనసాగిస్తూ అన్నం, పచ్చిపులుసుతో పూట గడిపేస్తుంటారు. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని అంతర్జాతీయ మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. 50 కిలోల వ్యక్తికి 50 నుంచి 60 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. గుడ్డు తెల్లసొనలో భాస్వరం తక్కువ. పప్పులు, పాలల్లో పొటాషియం, భాస్వరం ఉంటాయి కనుక ఎవరికి ఎంత అన్నది రక్త పరీక్షలు చూసి వైద్యులే నిర్ణయించాలి. దుకాణాల్లో దొరికే పొడులను సొంతంగా వాడరాదు.

కదిలితేనే బలం
ఇటలీలో 296 మంది డయాలసిస్ రోగులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటివద్ద ఆరు నెలలు కొద్దికొద్దిగా నడక సాధన చేసినవారు ఆరు నిమిషాల్లో నడవగలిగిన సగటు దూరం 328 మీటర్ల నుంచి 367 మీటర్లకు పెరిగింది. జర్మనీలో 917 మందిపై జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో డయాలసిస్ జరుగుతుండగానే పడకపై వ్యాయామం చేయించారు. ఏడాది తరువాత వారు నిమిషంలో కుర్చీలోంచి లేచే సంఖ్య సగటున 16 నుంచి 19కి పెరిగింది. వ్యాయామం చేయనివారిలో అది 15కు పడిపోయింది. ఊరుకుంటే నిలకడగా ఉండటం కాదు, దిగజారడమేనని ఈ అంకెలు చాటుతున్నాయి.

డయాలసిస్ లేని రోజున వాకిట్లో పది నిమిషాల నడకతో మొదలుపెట్టవచ్చు. గుండె పరిస్థితి తెలుసుకుని వైద్యుల అనుమతితోనే ప్రారంభించాలి. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని మూత్రపిండం కోసం ఎదురుచూస్తున్నవారికి ఇది మరింత ముఖ్యం. అవయవం దొరికిన రోజున శస్త్రచికిత్సను తట్టుకునే శక్తి ఒంట్లో ఉండాలి.

ఈసారి వెళ్లినప్పుడు అడగండి
* నా డ్రై వెయిట్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారు?
* నా పిడికిలి పట్టు ఎంత? మూడు నెలలకోసారి రాయగలరా?
* నేను రోజుకు ఎంత మాంసకృత్తులు తినాలి?
* ఏ వ్యాయామం, ఎంతసేపు చేయవచ్చు?

రోగి వెంట వచ్చేవారు మరో పని చేయవచ్చు. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి పట్టిన సెకన్లను నెలకోసారి డయాలసిస్ పుస్తకం చివరి పేజీలో తేదీతో రాసి, తదుపరి విడతలో వైద్యుడికి చూపాలి. తూకం చెప్పని సంగతిని ఆ అంకె చెబుతుంది.