రుజువు ఉంటేనే రేటు: పాత స్పోర్ట్స్ కారుకు ధర కట్టే తీరు

మామూలు కారుకు వయసు పెరిగేకొద్దీ ధర దిగుతుంది. మన మోటారు బీమాలోని ఐడీవీ (బీమా కోసం ప్రకటించే కారు విలువ) లెక్క అందుకు కొలమానం. మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం, రెండో ఏట 20 శాతం, ఐదో ఏట 50 శాతం తరుగు తీసేస్తారు. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ ఏడాది అన్న మూడు సంగతులు తెలిస్తే సెకండ్‌హ్యాండ్ బజారులో దాని రేటు ఉజ్జాయింపుగా చెప్పేయవచ్చు. సేకర్తలు కోరి కొనుక్కునే స్పోర్ట్స్ కార్లకు ఈ పట్టిక పనికిరాదు. కొన్నేళ్లపాటు అవీ అన్ని కార్లలాగే తరుగుతాయి. తరవాత ఒకచోట ఆగి, మళ్లీ పైకి ఎక్కడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి ఒకే ఫ్యాక్టరీలో, ఒకే ఏడాది, ఒకే రంగుతో పుట్టిన రెండు కార్లలో ఒకటి రెండోదానికి రెట్టింపు పలకవచ్చు. ఆ తేడా ఎక్కడిదో కనిపెట్టి, అంకెల్లో చెప్పడమే ధర కట్టే విద్య.

ఈ విద్య నేర్చుకోవడానికి జర్మనీ కారు పోర్షే 911 చక్కని ఉదాహరణ. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఇది 901 పేరుతో జనం ముందుకొచ్చింది. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911గా మారింది. దీనికి ఇంజను వెనక, డిక్కీ ముందు ఉంటాయి. 1998 దాకా ఆ ఇంజనుకు నీళ్ల రేడియేటరు లేదు, గాలీ ఆయిలే దాన్ని చల్లబరిచేవి. తరవాతి తరం నీళ్లతో చల్లబడే ఇంజనుకు మారింది. అందువల్ల పాత 911ల బజారులో ‘ఎయిర్‌కూల్డ్’ అన్న ఒక్క మాటకే విలువ ఉంది. వాటిలో 1984 నుంచి 1989 మోడల్ దాకా వచ్చిన కరెరా 3.2 కార్లు సుమారు 76 వేలు తయారయ్యాయి. ఇవి తరచూ చేతులు మారుతుంటాయి కనుక పోల్చి చూడటానికి తగినన్ని అమ్మకాలు దొరుకుతాయి.

ముందుగా కారు ఏదో తేల్చాలి

ధర కట్టేవారు మొదట చూడాల్సింది ఛాసిస్ నంబరు. 1981 మోడల్ నుంచి ఇది 17 అక్షరాలు, అంకెల కూర్పు. ఏ దేశం కోసం తయారైంది, ఏ మోడల్ సంవత్సరం, వరుసలో ఎన్నోది అన్నవి అందులోనే తెలుస్తాయి. కరెరా 3.2లో చాలావాటికి ముందు డిక్కీ మూత లోపలివైపు ఒక కాగితపు స్టిక్కరు ఉంటుంది. దాని మీద ఛాసిస్ నంబరు, రంగు కోడు, ఫ్యాక్టరీలో అమర్చిన అదనపు సౌకర్యాల కోడులు ఉంటాయి. అదే స్టిక్కరు సర్వీసు పుస్తకంలోనూ అతికించి ఉంటుంది. రెండూ కలిస్తే కారు పుట్టుక మీద సందేహం చాలావరకు తీరినట్టే. డిక్కీ మూత మీద స్టిక్కరు లేకపోతే ఆ మూత ఎందుకు మార్చారన్న ప్రశ్న వస్తుంది. ముందు భాగం గుద్దుకుందేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒకే మోడల్‌లోనూ ఏడాదిని బట్టి విలువ మారుతుంది. కరెరా 3.2కు 1987 మోడల్ నుంచి జీ50 అనే కొత్త గేర్‌బాక్స్ వచ్చింది. అంతకుముందున్న 915 గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు అరిగి గేరు పడటం కష్టమయ్యేది. అందుకే మిగతావన్నీ సమానమైతే 1987–89 కార్లకు ఎక్కువ ఇస్తారు. పైకప్పు మూసి ఉన్న కూపే, సాధారణంగా గుడ్డ కప్పున్న కాబ్రియోలే కన్నా ఎక్కువ పలుకుతుంది. వీటన్నిటి పైన అరుదైన రకాలున్నాయి. వెనక సీట్లు, ఏసీ వంటివి తీసేసి బరువు తగ్గించిన క్లబ్ స్పోర్ట్ సుమారు 340, పొట్టి అద్దంతో వచ్చిన 1989 స్పీడ్‌స్టర్ సుమారు 2,100 తయారయ్యాయి. వీటి ధరను మామూలు 3.2 అమ్మకాలతో పోల్చి తేల్చకూడదు.

అరుదుతనం ఉన్నచోట నకిలీ కూడా పుడుతుంది. 1973 నాటి కరెరా ఆర్ఎస్ 2.7 ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. పందేల్లో పాల్గొనే అర్హత కోసం 500 కార్లు చేస్తే చాలనుకున్న కంపెనీ, గిరాకీ చూసి 1,580 చేసింది. వాటిలో బరువు తగ్గించిన స్పోర్ట్ రకం 200 మాత్రమే. వెనక మూత మీద బాతు తోకలా లేచిన రెక్క దీని గుర్తు. ఆ రెక్కను మామూలు 911కు కూడా బిగించవచ్చు. కనుక అసలుదా కాదా అన్నది ఛాసిస్ నంబరు, 911/83 రకం ఇంజను నంబరు, కంపెనీ రికార్డులు తేల్చాలి. ఆకారాన్ని బట్టి తేల్చేది కాదు.

అసలుతనం

కారుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజను, గేర్‌బాక్స్ ఇంకా దానిలోనే ఉంటే ‘మ్యాచింగ్ నంబర్స్’ అంటారు. మధ్యలో ఇంజను మారిందంటే, కొత్తగా పెట్టినది ఎంత బాగా పనిచేసినా ధర తగ్గుతుంది. సేకర్త కొనేది ప్రయాణ సాధనాన్ని మాత్రమే కాదు, ఒక కాలం నుంచి చెక్కుచెదరకుండా మిగిలిన వస్తువును. రంగుదీ ఇదే లెక్క. మళ్లీ కొట్టించిన మెరిసే పెయింటు కన్నా, అక్కడక్కడా గీతలు పడ్డ ఫ్యాక్టరీ పెయింటుకు చాలామంది ఎక్కువ ఇస్తారు. కారుకు పెయింటు ఎన్నిసార్లైనా వేయించవచ్చు. ఫ్యాక్టరీ పెయింటు మాత్రం పోతే తిరిగి రాదు.

మార్పులు చేసిన కార్లకు సాధారణంగా ధర తక్కువ. తీసేసిన అసలు భాగాలను భద్రంగా పెట్టి కారుతోపాటు ఇస్తే ఆ నష్టం కొంత పూడుతుంది. దీనికి మినహాయింపు కూడా ఉంది. కాలిఫోర్నియాలోని సింగర్ సంస్థ 964 తరం 911లను విప్పి కొత్తగా మలిచే తీరుకు ప్రత్యేకమైన బజారే ఏర్పడింది. అయితే అక్కడ ధర వచ్చేది ఆ సంస్థ చేతిపనికి, ఆ పనికున్న రికార్డుకు. ఊరిలోని షెడ్డులో చేయించిన అలాంటి మార్పుకు ఆ లెక్క వర్తించదు.

కండిషన్

అమెరికాలో కార్ల బీమా సంస్థ హ్యాగర్టీ వాడే నాలుగు తరగతుల కొలత ఇప్పుడు విస్తృతంగా చెల్లుతోంది. 1వ తరగతి అంటే ప్రదర్శన పోటీలో నిలబడగల కారు. 2 అంటే దాదాపు లోపం లేనిది. 3 అంటే బాగా తిరుగుతూ చిన్న లోపాలున్నది. 4 అంటే నడుస్తుంది గాని లోపాలు కంటికే కనబడేది. అమ్మేవారు తమ కారును ఒక తరగతి పైన అనుకోవడం సహజం. అందుకే కంటిచూపును నమ్మకుండా కొలిచి చూడాలి.

బాడీకి పెయింటు మందం కొలిచే మీటరు వాడతారు. ఫ్యాక్టరీ పెయింటు మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. దానికి రెండు రెట్లు చూపిస్తే మళ్లీ పెయింటు వేసినట్టు. వేలల్లోకి వెళితే కింద లప్పం ఉందని, అంటే అక్కడ టింకరింగ్ జరిగిందని అర్థం. 1976 మోడల్ నుంచి 911 బాడీకి జింకు పూత వేస్తున్నారు కనుక అంతకుముందు కార్లతో పోలిస్తే తుప్పు తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. ముందు అద్దం అంచులు, తలుపు గొళ్లెం పడే స్తంభం, బ్యాటరీ కూర్చునే చోటు, జాకీ పెట్టే చోట్లు తప్పక చూడాలి.

ఇంజను ఆరోగ్యానికి కంప్రెషన్ పరీక్షతోపాటు లీక్‌డౌన్ పరీక్ష చేస్తారు. వాల్వులు రెండూ మూసుకుని ఉన్న స్థితిలో సిలిండరులోకి గాలి కొట్టి, ఎంత శాతం బయటికి పోతోందో చూస్తారు. గాలి పోయే శబ్దమే లోపం ఎక్కడుందో చెబుతుంది. సైలెన్సరు వైపు వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి వచ్చే గొట్టం వైపు వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వినబడితే పిస్టన్ రింగులు. కరెరా 3.2లో వాల్వు గైడులు అరగడం తెలిసిన జబ్బే. అరిగితే ఇంజను ఆయిలు తాగుతుంది. ఆరు సిలిండర్ల ఎయిర్‌కూల్డ్ ఇంజను పూర్తిగా విప్పి కట్టడం పెద్ద ఖర్చు కనుక, ఈ ఒక్క పరీక్ష ధరలో పెద్ద భాగాన్ని అటూ ఇటూ చేస్తుంది.

టైరు పక్కనున్న కోడులో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గాట్లు నిండుగా ఉన్నా పదేళ్ల కిందటి టైర్లకు విలువ కట్టకూడదు. ఏళ్లతరబడి షెడ్డులో కదలకుండా ఉన్న కారులో సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి. తక్కువ తిరగడం అన్నిసార్లూ గొప్పేమీ కాదు.

కాగితాలు, మీటరు

కారు చెప్పుకునే చరిత్రకు సాక్ష్యం కాగితాలే. సర్వీసు పుస్తకంలోని ముద్రలు, రసీదులు, పాత రిజిస్ట్రేషన్లు, ఫొటోలు, కారుతో వచ్చిన పనిముట్ల సంచి, అదనపు తాళంచెవి అన్నీ లెక్కలోకి వస్తాయి.

వీటిలో రసీదులకు మరో ఉపయోగం ఉంది. మీటరు చూపే మైలేజీ నిజమో కాదో అవే చెబుతాయి. ఆ కాలపు 911ల మీటరులో చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగి అంకెలు ఆగిపోవడం మామూలు. మీటరు ఎవరూ తిప్పకపోయినా అది తక్కువ చూపించవచ్చన్నమాట. ఏడాదికొక రసీదు మీద మైలేజీ రాసి ఉండి, ఆ అంకెలు వరసగా పెరుగుతూ వస్తే నమ్మవచ్చు. మధ్యలో పదేళ్ల ఖాళీ ఉంటే తక్కువ మైలేజీకి అదనపు ధర ఇవ్వకూడదు. అరిగిన పెడల్ రబ్బర్లు, కుంగిన డ్రైవరు సీటు కూడా మీటరును నిలదీసే సాక్షులే.

పోలిక ధరలు

ప్రకటనలో కనిపించేది అడిగే ధర, కొనుగోలుదారు చెల్లించింది అసలు ధర. లెక్కకు రెండోదే పనికొస్తుంది. ఆర్‌ఎం సదబీస్, బాన్‌హామ్స్ వంటి వేలం సంస్థల ఫలితాలు, బ్రింగ్ ఎ ట్రైలర్ వంటి ఆన్‌లైన్ వేలాల ఫలితాలు బహిరంగంగా దొరుకుతాయి. అవి చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, సుత్తి పడ్డ ధరకు కొనుగోలుదారు కమీషను కలిపారా లేదా చూడాలి. రెండు, కనీస ధర అందక అమ్ముడుపోని కారుకు వచ్చిన చివరి పాటను అమ్మకంగా లెక్కించకూడదు. మూడు, గది దద్దరిల్లేలా పోటీ పడ్డ ఇద్దరివల్ల వచ్చిన ఒక్క రికార్డు ధరను సాధారణ రేటుగా తీసుకోకూడదు. గత ఆరు నెలలు, ఏడాదిలో అదే రకం, అదే తరగతి కార్ల అమ్మకాలు నాలుగైదు తీసుకుని మధ్యస్థం చూడటం నమ్మదగ్గ పద్ధతి.

రేట్లు ఎప్పుడూ ఎక్కుతూనే ఉండవు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించాక ఫెరారీల ధరలు విపరీతంగా ఎగబాకాయి. 1990 తరవాత అంతే వేగంగా కూలాయి. చట్టాలు కూడా ధరను కదిలిస్తాయి. తమ రోడ్డు భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారు కాని కారును అమెరికా 25 ఏళ్లు నిండాక మాత్రమే మినహాయింపుతో రానిస్తుంది. జపాన్‌లో తయారైన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ తొలి కార్లు ఆ వయసుకు 2024లో చేరాయి. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ కింద ‘వీఏ’ వరుసలో రిజిస్టరవుతుంది. దాన్ని ప్రదర్శనలు, ర్యాలీలు వంటివాటికే రోడ్డెక్కించాలి గాని రోజువారీ వాడకానికి కాదు. కరెరా 3.2లలో అన్నిటికన్నా పాతది కూడా ఆ వయసు అందుకోవడానికి ఇంకా టైముంది. ఒక దేశపు రేటును మరో దేశానికి ఉన్నదున్నట్టు మార్చుకోకూడదనడానికి కారణం చట్టాల్లోని ఈ తేడాలే.

లెక్క వేసే తీరు

పద్ధతి తెలియడానికి అనుకున్న అంకెలతో ఒక లెక్క చూడవచ్చు. అమెరికాలో ఉన్న 1988 కరెరా 3.2 కూపేకు ధర కట్టాలి. లెక్క తేలిక కోసం మూడే పోలికలు తీసుకుంటే, 2వ తరగతికి చెందిన అలాంటి కార్లు 84, 88, 92 వేల డాలర్లకు అమ్ముడయ్యాయి. మధ్యస్థం 88 వేలు. ధర కట్టాల్సిన కారుది అసలు ఇంజనే గాని, రెండు సిలిండర్లలో గాలి లీకవుతోంది. ఆ పనికి మెకానిక్ రాసిచ్చిన అంచనా 18 వేలు. ముందు భాగానికి మళ్లీ పెయింటు వేసినందుకు 5 వేలు, మొదటి పదేళ్ల రసీదులు లేనందుకు 4 వేలు, పనిముట్ల సంచి పోయినందుకు వెయ్యి తీసేయాలి. మొత్తం 28 వేలు పోగా మిగిలేది 60 వేలు. దీన్ని ఒకే అంకెగా కాకుండా 57 నుంచి 63 వేల మధ్య అని చెప్పాలి. పోలికకు తీసుకున్న కార్లలోనూ పెయింటు మారి ఉంటే ఆ తరుగు రెండోసారి తీయకూడదు. వేలం ధరలో కమీషను కలిసి ఉంటే అమ్మేవారి చేతికి వచ్చేది అంతకన్నా తక్కువే.

అమ్మకానికి ముందు రిపేరు చేయిస్తే పెట్టిన డబ్బంతా తిరిగి వస్తుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. నడవని కారును నడిచేలా చేసే పని చాలావరకు గిట్టుతుంది. బాగున్న కారును మెరిపించే పని తరచూ గిట్టదు, ఒక్కోసారి అసలుతనాన్నే చెరుపుతుంది.

చివరికి తయారయ్యే మదింపు పత్రంలో ప్రతి అంకె పక్కన దాని రుజువు ఉండాలి. స్టిక్కరు ఫొటో, పెయింటు మందం కొలతలు, లీక్‌డౌన్ శాతాలు, పోల్చిన అమ్మకాల తేదీలు జతచేయాలి. విదేశాల్లో ఇలాంటి కార్లకు బీమా సంస్థలు ఐడీవీ వంటి తరుగు లెక్క కాకుండా, ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇస్తాయి. ఆ విలువకు ఆధారం ఈ పత్రమే. బజారు కదులుతూ ఉంటుంది కనుక రెండు మూడేళ్లకోసారి దాన్ని తిరగరాయించాలి.