హిద్ రేవులో తేదీల తకరారు

బహ్రెయిన్‌లో ముహర్రక్ ద్వీపపు కొసన హిద్ ఉంది. 1977లో పని మొదలుపెట్టిన ఆస్రీ ఓడల మరమ్మతు యార్డు, 2009లో తెరిచిన ఖలీఫా బిన్ సల్మాన్ రేవు అక్కడివే. ఇలాంటి ఊళ్లో ఓడ వచ్చిన రోజు, వెల్డర్ డ్యూటీ ఎక్కిన వేళ ఏ సీఎస్‌వీ ఫైలులోనో ఉన్నాయనుకోండి. వాటిని ఎస్‌క్యూఎల్‌తో వెతకబోతే చాలా తమాషాలు ఎదురవుతాయి.

సీఎస్‌వీ లాంటి టెక్స్ట్ ఫైలులో తేదీ అంటే వట్టి అక్షరాల వరసే. అలాగే పోలిస్తే 02/12/2024 కన్నా 31/01/2024 పెద్దది! మొదటి అక్షరం 3, అవతలిది 0. అక్కడితో తీర్పు అయిపోయింది. డిసెంబరు వెనకబడింది, జనవరి గెలిచింది.

పాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ వెనకుండే జెట్ ఇంజన్‌ది ఇంకో తీరు. క్వెరీలో హ్యాష్ గుర్తుల మధ్య 05/04/2024 అని రాస్తే అమెరికా పద్ధతిలో మే 4 అనుకుంటుంది. 13/04/2024 అని రాస్తే మాత్రం, పదమూడో నెల లేదు కదా, గప్‌చుప్‌గా ఏప్రిల్ 13 చేసేస్తుంది. తప్పని అరిచినా బాగుండేది. ఈ మొహమాటమే కొంప ముంచేది. ఫైలులోని తేదీల వరస ఏమిటో దాని పక్కనే ఉంచే స్కీమా.ఐఎన్‌ఐలో రాసిపెట్టొచ్చు. క్వెరీలో మన చేత్తో రాసే తేదీకి ఆ కాపలా ఉండదు.

1988 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 పద్ధతిలో ఏడాది ముందు, రోజు చివర. అక్షరక్రమమే కాలక్రమం. తేదీలకంటూ వేరే రకమే లేని ఎస్‌క్యూలైట్‌లో పోలికలు సాగేది ఎక్కువగా దీని పుణ్యమే. సున్నాలు మాత్రం మింగకూడదు: 2024-9-5 అని రాస్తే అది 2024-10-01 తర్వాతికి పోతుంది.

అరబిక్ లిపి అంకెలతో రాసిన ఏడాది ఇంకా వింత. యూనికోడ్‌లో వాటి స్థానం మన 0-9 కన్నా పైన. కోడ్ వరసన పోలిస్తే ఆ 2024 ముందు మన 9999 కూడా దిగదుడుపే.

నెలాఖరు సంగతి: జనవరి 1 నుంచి 31 దాకా అని బిట్వీన్ పెడితే, 31 మధ్యాహ్నం వచ్చిన ఓడ లెక్కలోకి రాదు. వట్టి తేదీ అంటే ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటలే. ఫిబ్రవరి 1 కన్నా తక్కువ అనడం మేలు. పైగా హిద్‌లో 31 రాత్రి పదయ్యేసరికి హైదరాబాద్‌లో ఒకటో తేదీ పన్నెండున్నర!

రెండంకెల ఏడాదికి పైథాన్ లెక్క వేరు: 68 దాకా ఈ శతాబ్దం, 69 నుంచి పోయినది. 1965లో పుట్టిన మేస్త్రీని 65 అని రాస్తే 2065లో పుడతాడు.

తేదీ సరిగ్గా చదివినా సెలవు తప్పొచ్చు. బహ్రెయిన్‌లో వారాంతం శుక్ర, శనివారాలకు మారింది 2006 సెప్టెంబరులో. అంతకుముందు గురు, శుక్రవారాలు. పాత ఫైళ్లలో ఓవర్‌టైమ్ వెతికే క్వెరీకి ఆ నెల దగ్గర ఇంకో షరతు తగిలించాల్సిందే.