గోదావరి హెచ్చరికలే ప్రోగ్రామింగ్‌కు ఓనమాలు

పోలవరం: గోదావరికి వరద వచ్చిందంటే భద్రాచలం వద్ద నీటిమట్టం ఎన్ని అడుగులన్నది పోలవరం పరిసరాల్లో చిన్నపిల్లలు సైతం చెప్పేస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటడం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లోని ఊళ్లు నీట మునగడం ఎవరూ మరువలేదు. ఇదే లెక్కను కళాశాలలో ‘సి’ భాషలో ‘ఇఫ్’, ‘ఎల్స్’ అనగానే ఆ పిల్లలే బెంబేలెత్తుతున్నారు.

లోపం తెలివితేటల్లో లేదు, పాఠం మొదలయ్యే తీరులో ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఆంగ్లం, కీబోర్డు, ప్రధాన సంఖ్యల లెక్క ఒకేసారి ఎదురవుతాయి. ఒక్క సెమీకోలన్ మరిచినా తెర నిండా ఆంగ్లంలో తప్పులు ప్రత్యక్షమవుతాయి. దాంతో పక్కవారి రికార్డు చూసి రాసుకోవడం, పరీక్షకు ప్రోగ్రాములు బట్టీ పట్టడం మొదలవుతుంది. మార్కులు వస్తాయి గానీ ఉద్యోగ పరీక్షలో సొంతంగా నాలుగు వరుసలు రాయమంటే చేయి కదలదు.

వరద హెచ్చరికనే తొలి ప్రోగ్రాముగా తీసుకుంటే పరిస్థితి వేరు. ముందుగా కాగితంపై తెలుగులోనే రాయించాలి. చాలామంది ‘43 దాటితే మొదటి హెచ్చరిక’ అన్న షరతునే ముందు పెడతారు. అప్పుడు నీటిమట్టం 55 అడుగులున్నా మొదటి హెచ్చరికే వస్తుంది. కింది షరతుల జోలికి యంత్రం పోదు. ముంపు గ్రామానికి అలాంటి కబురు అందితే ఏమవుతుందో ఇక్కడి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. 53ను పైకి తేవాలని వారే కనిపెడతారు.

పిల్లలు తమకు తెలిసిన దానితో ఆలోచించాలన్న ఉద్దేశంతోనే సేమర్ పాపర్ట్ బృందం 1967లో అమెరికాలో ‘లోగో’ భాషను రూపొందించింది. 2007లో వచ్చిన ‘స్క్రాచ్’లో సెమీకోలన్ల బెడదే లేదు, రంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలిస్తే చాలు. ఉచితం, ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది.

ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. కంప్యూటర్లు లేని బడిలోనూ కాగితం పాఠానికి అడ్డేమీ లేదు.

తర్వాతి మెట్టు ధవళేశ్వరం. అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు. నీటిమట్టాన్ని పూర్ణాంకంగా, అంటే ‘ఇంట్’గా దాచితే 11.80 కాస్తా 11 అవుతుంది. హెచ్చరిక రానే రాదు. ‘ఫ్లోట్’ ఎందుకో అప్పుడు విద్యార్థే అడుగుతాడు.