గంటల బేరము

నందివాడ మండలమునకు రాత్రి జాగరణ కొత్త కాదు. చేపల చెరువులలో తెల్లవారుజామున నీటియందలి ప్రాణవాయువు తగ్గును. మబ్బు పట్టిన దినములలో మరింత తగ్గును. శీలావతియు బొచ్చెయు పైకి తేలి నోళ్లు తెరచునప్పుడు, గట్టుమీది కాపరి మేల్కొనియుండి ఏరియేటరు తిప్పవలెను. 2020లో లాక్‌డౌను వచ్చి, హైదరాబాదు, బెంగుళూరులలోని యువకులు స్వగ్రామములకు మరలి ఇంటినుండియే పనిచేయ మొదలిడగా, డెల్టా పల్లెలు మరియొక జాగరణను చూచినవి. అర్ధరాత్రి దాటినను గదిలో దీపము, ఒడిలో లాప్‌టాపు, ఆంగ్లమున మెల్లని సంభాషణ. అంతవరకు సాఫ్ట్‌వేరు ఉద్యోగమనగా జీతమును, పెండ్లి సంబంధములలో దానికి గల విలువను మాత్రమే ఎరిగిన పెద్దలకు, ఆ పని ఎట్టిదో అప్పుడు కొంత కంటబడినది.

ఐ.టి. సేవల సంస్థ ప్రధానముగా తన సరుకును తాను చేసి అమ్ముకొనునది కాదు. అమెరికాలోని ఒక బ్యాంకునకో, ఇంగ్లండులోని ఒక బీమా సంస్థకో కావలసిన ప్రోగ్రాములను వ్రాసిపెట్టుట, పాతవానిని మరమ్మతు చేయుట, అవి రేయింబవళ్లు ఆగక నడచునట్లు కనిపెట్టియుండుట దాని వృత్తి. ఎచటనైన లోపము కనబడినచో అది ‘టికెట్టు’గా నమోదగును, ఇన్ని గంటలలో సరిచేయవలెనని ముందే ఒప్పందము ఉండును. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పటికి మనకు వేసవిలో సాయంకాలము ఆరున్నర, శీతకాలమున ఏడున్నర. అందుచేత మన యువకుని పనిదినము పరదేశపు ప్రొద్దును బట్టి నడచుచుండును.

ఇచట అమ్ముడుపోవునది గంట. ఏ పనికి ఎన్ని గంటలు వెచ్చించెనో ఉద్యోగి ‘టైమ్‌షీటు’లో వ్రాయవలెను. అనేక ఒప్పందములలో ఆ లెక్కను బట్టియే సొమ్ము ముట్టును. అతని గంటలను కొనువారు లేనప్పుడు అతడు ‘బెంచి’మీద ఉన్నాడందురు. అప్పుడును జీతము వచ్చును. మనశ్శాంతి మాత్రము ఉండదు. కౌలురైతు దున్నునది పరుల పొలమైనట్లే, ఇతడు వ్రాసిన ప్రోగ్రామును ఇతనిది కాదు.

1968లో టి.సి.ఎస్., 1981లో ఇన్ఫోసిస్, 1987లో హైదరాబాదున సత్యం కంప్యూటర్స్ వెలసినవి. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును చివరి రెండంకెలతో వ్రాయుట వాడుక. 2000 రాగానే యంత్రము దానిని 1900గా భ్రమించునన్న భయము లోకమంతట వ్యాపించినది. వేలకొలది పంక్తులను ఓపికతో చదివి సరిచేయు ఆ పని మన సంస్థలకు విశేషముగా లభించినది. హైదరాబాదున సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజు లెక్కలలోని మోసమును తానే ఒప్పుకొనెను. కాగితముమీది ధనము కల్ల. ఉద్యోగుల శ్రమ కల్ల కాదు. పేరు మాసినను వారు ఖాతాదారుల పనిని విడువక నడిపిరి. ఆ యేడే సంస్థ టెక్ మహీంద్రా చేతికి వచ్చినది.

నేడు మరియొక పరీక్ష వచ్చినది. కృత్రిమ మేధ ప్రోగ్రాములను తానే వ్రాయుచున్నది. పది గంటల పని రెండు గంటలలో ముగిసినచో, గంటలు అమ్ముకొను వ్యాపారము గతి యేమి? 2025 జూలైలో టి.సి.ఎస్. తన ఉద్యోగులలో సుమారు 2 శాతమును, అనగా 12 వేల మందికి పైగా, తగ్గించనున్నట్లు ప్రకటించినది. దీనికి కృత్రిమ మేధ కారణము కాదనియు, నైపుణ్యమునకును పనికిని పొంతన కుదరకపోవుటయే కారణమనియు ఆ సంస్థ చెప్పినది. కారణమేదైనను, ఒక్క పనిముట్టును మాత్రమే నేర్చినవానికి ఇది హెచ్చరిక.

ఏరియేటరు మీట నొక్కుట ఒక్క పూటలో వచ్చును. నీటి రంగు చూచి చెరువు స్థితిని చెప్పుటకు ఏండ్లు పట్టును. ఈ కొలువునందును అంతే. పరులు వ్రాసినదానిని చదివి గ్రహించుట, అర్థముకానిచోట జంకక అడుగుట, లోపము ఎచట, ఎందువలన కలిగినదో నాలుగు తేట వాక్యములలో తెలుపుట, ఇవి ఏ యంత్రభాష మారినను వెంట వచ్చు విద్యలు. వీనికి పునాది ఇంజనీరింగు కళాశాలలో కాక, ఊరిబడిలోనే పడును. లెక్కల తరగతిలో సమాధానముతో తృప్తి చెందక ‘ఎట్లు వచ్చినది?’ అని అడుగు మాస్టారును, తెలుగు తరగతిలో ఒక పుట చదివించి సారాంశమును విద్యార్థి సొంత మాటలలో వ్రాయించు పంతులమ్మయు ఈ ఉద్యోగమునకు తొలి శిక్షకులు. కుమారుని ఈ కొలువునకు పంపవచ్చునా అని తల్లిదండ్రులు అడిగినచో, జీతమెంతో చెప్పుటకు ముందు వారు ఆ బాలుని నోటుపుస్తకము తెరచి చూపవలెను.